37 నిమిషాల ప్రయాణం - నాలుగు గంటల లెక్క

కడప నుంచి విజయవాడ ఎంత దూరం? మా బడిలో పదో తరగతి పిల్లలను ఈ ప్రశ్న అడిగితే మూడు జవాబులు వచ్చాయి. ఒక అబ్బాయి 370 కిలోమీటర్లు అన్నాడు. వాళ్ళ నాన్న లారీ నడుపుతాడు. ఒక అమ్మాయి 500 అంది. వాళ్ళు రేణిగుంట, గూడూరు మీదుగా రైల్లో వెళ్ళొచ్చారు. వెనక బెంచీ కుర్రవాడు ఫోన్లో చూశానని 310 చెప్పాడు. ముగ్గురికీ మార్కులు వేశాం. మొదటిది రోడ్డు దూరం, రెండోది రైలు దూరం, మూడోది విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి గీత గీసినట్టు ఉండే దూరం.

"విమానంలో ఎంతసేపు పడుతుంది?" అని మళ్ళీ అడిగాం. ఫోను చూసిన కుర్రవాడే లేచి "37 నిమిషాలు సార్" అన్నాడు. ఈసారి మార్కు వేయలేదు. ఎందుకు వేయలేదో పిల్లలకు చెప్పడానికి ఒక పీరియడ్ పట్టింది. ఆ పాఠాన్నే ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం. ఎందుకంటే ఒకప్పుడు మేము కూడా ఆ 37 నిమిషాలను నమ్మాం.

ఆ రోజు జరిగింది

మూడేళ్ళ కిందటి మాట. మా మొహల్లాలో ఒక పెద్దాయన ఫజర్ వేళకు కన్నుమూశారు. ఒక్కగానొక్క కొడుక్కి విజయవాడలో ఉద్యోగం. కబురు అందగానే, ఆ రోజు కడపకు విమానం ఉందని తెలుసుకుని టికెట్ తీసుకున్నాడు. "పదకొండున్నరకు బయలుదేరుతుంది. నేను వచ్చేదాకా అబ్బాను ఉంచండి" అని ఫోన్లో చెప్పాడు. అంతకు మించి మాట్లాడే స్థితిలో అతను లేడు, అడిగే స్థితిలో మేమూ లేము.

జనాజా పనులు చూస్తున్నవాళ్ళం మేమే. మాలో ఒకరు ఫోన్ తీసి దూరం చూశారు. 310 కి.మీ., ప్రయాణం 37 నిమిషాలు. పదకొండున్నరకు 37 కలిపితే 12:07. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి అరగంట. 12:40కి అబ్బాయి ఇంట్లో ఉంటాడు. మస్జిద్‌లో జుహర్ జమాత్ ఒంటిగంటా పావుకు. ఆ వెంటనే జనాజా నమాజు పెట్టుకోవచ్చని పెద్దలకు చెప్పాం. వాళ్ళు సరే అన్నారు.

12:40 అయింది, రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. 12:50కి చేసినా అంతే. విమానం రద్దయిందేమో, అబ్బాయి అందుకోలేకపోయాడేమో అని తలా ఒక మాట అన్నారు. ఖననానికి ఆలస్యం చేయకూడదన్నది మన ఆచారం. ఎప్పుడొస్తాడో తెలియనప్పుడు ఎంతసేపని ఉంచుతామని పెద్దలు అడిగారు. మా దగ్గర జవాబు లేదు. జనాజాను మస్జిద్‌కు తీసుకెళ్ళాం. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు ఆపేశాం.

నిజానికి విమానం పాతిక నిమిషాలు ఆలస్యంగా బయలుదేరింది. కడపలో వచ్చి ఆగేసరికి ఒంటిగంట. అతను బయటపడి కారెక్కేసరికి ఒంటిగంటా పావు. అప్పటికి మేము సఫ్‌లో నిలబడి ఉన్నాం. అతను చేసిన ఫోన్లు ఎవరికీ అందలేదు. ఇంటికి చేరేసరికి 1:50. అక్కడి నుంచి ఖబరస్తాన్‌కు పరుగెత్తుకొచ్చేసరికి మట్టి వేస్తున్నాం. తానూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాడు. తండ్రి ముఖం మాత్రం చూడలేకపోయాడు.

మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. కానీ విమానం రెండు గంటల లోపు రాదని ఉదయమే చెప్పి ఉంటే, రెండున్నరకు పెట్టుకుందామని పెద్దలు తప్పకుండా ఒప్పుకునేవారు. లెక్కలు చెప్పే పంతుళ్ళమై ఉండి మేము తప్పు లెక్క చెప్పాం. ఆ తప్పు ఎక్కడ జరిగిందో విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా దూరం

310 కి.మీ. అన్న అంకెలో తప్పేమీ లేదు. దాన్ని ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

భూమి మీద ప్రతి చోటుకూ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉంటాయి. కడప విమానాశ్రయం రమారమి 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం 16.5 డిగ్రీల ఉత్తరం, 80.8 డిగ్రీల తూర్పు. తీసివేసి చూడండి. కడప నుంచి గన్నవరానికి వెళ్ళాలంటే 2 డిగ్రీలు ఉత్తరానికి, 2 డిగ్రీలు తూర్పుకు జరగాలి.

ఒక డిగ్రీ అంటే ఎన్ని కిలోమీటర్లు? మీటరు కొలతను మొదట నిర్ణయించినప్పుడు, భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా ఉన్న దూరంలో కోటో వంతును ఒక మీటరు అనుకున్నారు. అంటే ఆ దూరం 10,000 కి.మీ. అందులో 90 డిగ్రీలు ఉన్నాయి. భాగిస్తే డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. ఇది ఉత్తర దక్షిణాల లెక్క.

తూర్పు పడమరల లెక్క కొంచెం వేరు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి ధ్రువాల దగ్గర కలిసిపోతాయి, ఒలిచిన బత్తాయి తొనల మాదిరి. అందుకే ఉత్తరానికి పోయేకొద్దీ డిగ్రీ వెడల్పు తగ్గుతుంది. మన ప్రాంతంలో అది 107 కి.మీ. ఉంటుంది. త్రికోణమితి చదివిన పిల్లలు 111ను ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించి ఈ అంకె సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు ఉత్తరానికి 222 కి.మీ., తూర్పుకు 214 కి.మీ. ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. మనకు కావలసింది కర్ణం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 308 వస్తుంది. డిగ్రీలను ఇంకా సూక్ష్మంగా తీసుకుంటే మరో మూడు నాలుగు కిలోమీటర్లు పెరుగుతుంది. 310 అనుకుంటే సరిపోతుంది. భూమి గుండ్రంగా ఉంది కదా, పైథాగరస్ ఇక్కడ పనికొస్తాడా అని పిల్లలు అడుగుతారు. ఇంత దగ్గరి దూరానికి ఆ వంపు వల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. ఖండాలు దాటే ప్రయాణాలకైతే గోళపు సూత్రం వాడాలి.

విమానం నడిపేవాళ్ళు కిలోమీటర్లకు బదులు నాటికల్ మైళ్ళలో మాట్లాడతారు. ఒక డిగ్రీలో 60 నిమిషాల భాగాలు ఉంటాయి. అక్షాంశంలో అలాంటి ఒక భాగం పొడవే నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. ఆ కొలతలో కడప - విజయవాడ దూరం 168 మైళ్ళు.

ఈ విద్య పాతదే

రెండు ఊళ్ళ మధ్య సరళరేఖ దూరం కనుక్కోవడం విమానాలు వచ్చాక పుట్టిన లెక్క కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే ఖలీఫా మామూన్ పండితులను సింజార్ మైదానానికి పంపి, ఒక డిగ్రీ పొడవు ఎంతో నేల మీద కొలిపించాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు అల్ బిరూనీ గజ్నీ నగరం ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉందో తేల్చడానికి ఒక గ్రంథమే రాశాడు. అప్పట్లో ఆయన చేతిలో ఉన్నవి బాటసారులు, బిడారుల వాళ్ళు చెప్పిన దారి దూరాలు. దారి అన్నాక వంకరలు ఉంటాయి, కొండలు చుట్టి రావాలి. అందుకని ఆయన ఆ దూరాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకోకుండా, కొంత భాగం తగ్గించి లెక్క వేశాడు.

మన దారి సంగతీ అంతే. గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా పోయే రోడ్డు కొండల మధ్య సందు వెతుక్కుంటూ పోతుంది. అందుకే 310 కాస్తా 370 అవుతుంది. నడిచిన దూరం వేరు, పటం మీద దూరం వేరు అని ఆయన గుర్తుపెట్టుకున్నాడు. మేము ఆ రోజు పటం మీద అంకెను చూసి, నడిచే దూరాన్ని మరిచాం.

37 ఎక్కడ నుంచి వచ్చింది?

కడప లాంటి చిన్న విమానాశ్రయాల మధ్య ఎక్కువగా తిరిగేది ఎ.టి.ఆర్. 72 రకం విమానం. రెక్కలకు రెండు పంఖాలు ఉంటాయి. డెబ్బై మందికి పైగా కూర్చోవచ్చు. దగ్గరి దూరాలకు ఇంధనం తక్కువ తాగుతుంది, పొట్టి రన్‌వే మీద కూడా దిగుతుంది. ఆకాశంలో నిలకడగా పోయేటప్పుడు దీని వేగం గంటకు రమారమి 500 కి.మీ. జెట్ విమానాలు 800 దాటి పోతాయి గానీ, ఇంత దగ్గరి దూరంలో ఆ వేగం అందుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి. కాబట్టి వాటితో పెద్దగా కలిసిరాదు.

310ని 500తో భాగిస్తే 0.62 గంట. అంటే 37 నిమిషాలు. ఫోన్లో కనబడేది ఈ భాగహారమే. విమానం గన్నవరం మీద గాలిలోనే 500 వేగంతో పుట్టి, కడప మీద అదే వేగంతో మాయమైతే ఆ లెక్క నిజమవుతుంది.

నిజంగా జరిగేది చూద్దాం. ఈ అంకెలు పైలట్ల పుస్తకంలోవి కావు, విషయం అర్థం కావడానికి మేము వేసుకున్న ఉజ్జాయింపులు. విమానం నిలిపిన చోటు నుంచి రన్‌వే కొసకు నెమ్మదిగా పోవడానికి 5 నిమిషాలు. లేచి పైకెక్కడానికి 12 నిమిషాలు. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, ఆ 12 నిమిషాల్లో 65 కి.మీ. మాత్రమే పోతుంది. దిగడానికి 15 నిమిషాలు, అందులో 95 కి.మీ. మధ్యలో మిగిలిన 150 కి.మీ. మాత్రమే పూర్తి వేగంతో పోతుంది, దానికి 18 నిమిషాలు. రన్‌వేకు ఎదురుగా తిరిగి వరసలోకి రావడానికి 7 నిమిషాలు. నేల తాకాక వచ్చి ఆగడానికి 5 నిమిషాలు. అన్నీ కలిపితే 62 నిమిషాలు.

టికెట్ మీద వేసే సమయం ఇలాంటిదే. చక్రాల కింద పెట్టిన అడ్డుదిమ్మెలు తీసినప్పటి నుంచి, గమ్యంలో మళ్ళీ దిమ్మెలు పెట్టేదాకా లెక్కిస్తారు. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమాన సంస్థలు అందులో నాలుగైదు నిమిషాలు చేతిలో ఉంచుకుంటాయి కూడా. అందుకే 37 నిమిషాల దూరానికి టికెట్ మీద గంట పైచిలుకు ఉంటుంది.

గాలి, రన్‌వే

బస్సుకు లేని ఇంకో ఇబ్బంది విమానానికి ఉంది. అది ఎగిరే గాలి కూడా కదులుతుంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి బలంగా వీస్తుంది. కడప నుంచి విజయవాడ ఈశాన్యంగా ఉంది కాబట్టి పోయేటప్పుడు ఆ గాలి వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. గాలి 40 కి.మీ. సాయం చేస్తే 310 కి.మీ. 34 నిమిషాల్లో పోవచ్చు. అదే 40 ఎదురైతే 40 నిమిషాలు కావాలి. ఒకే దారిలో పోవడానికీ రావడానికీ ఆరు నిమిషాల తేడా.

దిగేటప్పుడు విమానం వీలైనంత వరకు గాలికి ఎదురుగా దిగాలి. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పుగాలి ఉన్న రోజు కడప నుంచి వచ్చిన విమానం పడమటి వైపు నుంచి దాదాపు తిన్నగా వచ్చి దిగుతుంది. పడమటి గాలి ఉన్న రోజు విమానాశ్రయం దాటి తూర్పుకు పోయి, వెనక్కి తిరిగి దిగాలి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు "ఊరు వచ్చేసింది, ఇంకా తిరుగుతోందేమిటి" అనుకునేది ఇందుకే. ఇక చలికాలం ఉదయాల్లో గన్నవరంలో పొగమంచు కమ్మితే, అది విడేదాకా విమానాలు దిగలేవు.

పైగా ఈ విమానాలు ఒకే రోజు నాలుగైదు ఊళ్ళు తిరుగుతాయి. పొద్దున ఎక్కడో అరగంట ఆలస్యమైతే ఆ ఆలస్యం సాయంత్రం దాకా ఊరూరా వెంట వస్తుంది. ఆ రోజు పాతిక నిమిషాలు అలా పోయినవే.

ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా

మనిషి ప్రయాణం రన్‌వే మీద మొదలవదు, ఇంటి దగ్గర మొదలవుతుంది. కడపలో ఇంటి నుంచి విమానాశ్రయానికి 30 నిమిషాలు. చాలా సంస్థలు బయలుదేరడానికి గంట ముందే కౌంటరు మూసేస్తాయి, పాతిక నిమిషాల ముందు గేటు మూసేస్తాయి. తనిఖీ వరసలు కూడా చూసుకుంటే గంటన్నర ముందు అక్కడ ఉండాలి. విమానంలో 65 నిమిషాలు. దిగి, సామాను తీసుకుని బయటికి రావడానికి 20. గన్నవరం నుంచి విజయవాడ ఊళ్ళోకి 20 కి.మీ., దానికి 45 నిమిషాలు. మొత్తం 250 నిమిషాలు, అంటే నాలుగు గంటల పది నిమిషాలు.

మంగళగిరి ఎయిమ్స్‌లో చూపించుకోవాల్సినవాళ్ళు ఇంకో అరగంట కలుపుకోవాలి. నగరం దాటి కృష్ణ అవతలికి పోవాలి కదా. కారులో అయితే ఇంటి నుంచి ఇంటికి ఏడెనిమిది గంటలు. అంటే విమానం వల్ల ప్రయాణం సగమవుతుంది. సగం కావడం చిన్న మేలు కాదు, రోగులకు, ముసలివాళ్ళకు మరీను. 37 నిమిషాలు అనుకుని బయలుదేరితేనే చిక్కు.

విమానం లేని రోజు

ఇంకో మాట కూడా చెప్పాలి. చిన్న ఊళ్ళకు విమానం తేవాలని కేంద్రం 2016లో ఉడాన్ పథకం ప్రకటించింది. సుమారు 500 కి.మీ. లేదా గంట ప్రయాణానికి సగం సీట్లను 2,500 రూపాయలకు మించకుండా ఇవ్వాలన్నది అందులో నియమం. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప - హైదరాబాద్ ఒకటి. ఆ తర్వాత విమానాలు నడిపే సంస్థలు మారాయి. కొన్ని సర్వీసులు ఆగాయి, కొన్ని మళ్ళీ మొదలయ్యాయి. చిన్న విమానాశ్రయాల నుంచి చాలా దారుల్లో రోజూ విమానం ఉండదు. సోమవారం ఉన్నది మంగళవారం లేకపోతే, ఆ మంగళవారం 37 నిమిషాల దూరం 24 గంటల దూరమవుతుంది. అలాంటప్పుడు వెంటనే కారు మాట్లాడుకోవడమే తొందరగా చేరే మార్గం.

హైదరాబాద్ సంగతి చూడండి. కడప నుంచి శంషాబాద్ కూడా సరళరేఖలో 303 కి.మీ., విజయవాడకు ఉన్నంతే. కానీ రాత్రి వెంకటాద్రి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి కాచిగూడలో ఉంటాం. పటంలో రెండు ఊళ్ళూ సమాన దూరంలో ఉన్నా, విజయవాడ విషయంలో విమానం అవసరం ఎక్కువ.

ఇప్పుడు మేము పాటిస్తున్నది

ఆ సంఘటన తర్వాత ఎవరైనా ప్రయాణం గురించి అడిగితే మేము ఇలా చేస్తున్నాం.

మొదటిది, బయలుదేరే వేళ ఒక్కటే వినం. చేరే వేళ కూడా టికెట్ చూసి చదవమంటాం. వీలైతే టికెట్ ఫొటో పంపమంటాం.

రెండోది, టికెట్ చేతిలో లేకపోతే ఉజ్జాయింపు కడతాం. దూరాన్ని 500తో భాగించి, పాతిక నుంచి ముప్ఫై నిమిషాలు కలుపుతాం. రాజమండ్రి - తిరుపతి దూరం 460 కి.మీ. అనుకోండి. భాగిస్తే 55 నిమిషాలు, కలిపితే గంటా ఇరవై పైన. కడప - చెన్నై 225 కి.మీ. భాగిస్తే 27, కలిపితే గంటకు కాస్త తక్కువ.

మూడోది, బయలుదేరేవాళ్ళకు "ముందు రెండు, తర్వాత ఒకటి" అని చెబుతాం. విమానానికి ముందు రెండు గంటలు, దిగాక ఒక గంట. ఎదురుచూసేవాళ్ళకు, టికెట్ మీద చేరే వేళకు ఒక గంట కలిపి అప్పటిదాకా కంగారు పడవద్దంటాం. ఆ గంటలో ఫోన్ కలవకపోతే రానట్టు కాదు, గాలిలో ఉన్నట్టు.

నాలుగోది, రోగిని తీసుకెళ్ళేటప్పుడు ముందే విమాన సంస్థతో మాట్లాడతాం. ప్రయాణానికి తగినట్టు ఉన్నారని డాక్టరు రాసిన పత్రం అడగవచ్చు. స్ట్రెచర్ మీద ఉన్నవాళ్ళను, ఆక్సిజన్ అవసరమైనవాళ్ళను ముందస్తు అనుమతి లేకుండా ఎక్కించుకోరు.

అయిదోది, జనాజా వేళ పెట్టేటప్పుడు దూరం నుంచి వచ్చేవాళ్ళు ఉంటే, ఒక మనిషి ఫోన్ పట్టుకుని మస్జిద్ బయటే నిలబడతాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజు నేర్చుకున్నాం.

మొన్న రంజాన్‌కు ముందు మా మొహల్లాలో ఇంకొక ఇంట్లో ఇలాంటి కబురే వచ్చింది. కూతురు రాజమండ్రి నుంచి రావాలి, నేరుగా విమానం లేదు. మేము కాగితం తీసుకుని లెక్క వేసి, కారులోనే బయలుదేరమని చెప్పాం. రాత్రి ఎనిమిదిలోపు రాలేదని పెద్దలకు ముందే చెప్పాం. వాళ్ళు ఇషా తర్వాతకు నిర్ణయించారు. ఆ అమ్మాయి ఎనిమిదీ పదికి వచ్చింది. తల్లి పక్కన కాసేపు కూర్చుంది. ఆ తర్వాతే జనాజా లేచింది.